బహువచనం లేని ‘వీరుస్’

‘వైరస్’ అనే మాట లాటిన్‌ది. ప్రాచీన రోములో దాన్ని ‘వీరుస్’ అని పలికేవారు. మొదటి అచ్చు దీర్ఘం, చివరి ‘ఉస్’ హ్రస్వం. ఈరోజు ప్రపంచంలో దాదాపు ప్రతి భాషలోనూ ఉన్న ఈ మాటకు దాని సొంత భాషలో ఒక లోటు ఉంది. ప్రాచీన లాటిన్ రచనల్లో దీని బహువచన రూపం ఎక్కడా కనిపించదు. ఏకవచనంలో కూడా కొన్ని విభక్తి రూపాలకు ఒకటి రెండు ప్రయోగాలే దొరుకుతాయి. పైగా ‘-ఉస్’తో ముగిసే లాటిన్ నామవాచకాల్లో ఎక్కువ భాగం పుంలింగాలైతే, ఇది నపుంసక లింగం.

వ్యాకరణ పుస్తకాలు దీన్ని ‘అపవాదం’, అంటే నియమానికి లోబడనిది, అని ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. కానీ రోమన్లు వీరుస్‌ను ఏ రకం వస్తువుగా ఊహించుకున్నారో ఆ అపవాదమే చెబుతుంది. దాన్ని వాళ్ళు లెక్కపెట్టగలిగే వస్తువుగా చూడలేదు, కారే ద్రవంగా చూశారు. రెండు వేల ఏళ్ళ తర్వాత శాస్త్రవేత్తలు దాన్ని లెక్కపెట్టగలిగే కణంగా కనుక్కున్నాక, ఆ పాత మాటకు బహువచనం అవసరమైంది. ఆ మాటకు బహువచనమేమిటన్న వాదన ఇంకా సాగుతూనే ఉండడానికి కారణం ఇదే.

ముందు అర్థం సంగతి చూద్దాం. లాటిన్‌లో వీరుస్ అంటే ప్రధానంగా విషం, ముఖ్యంగా పాము విషం. రోమన్ కవి వర్జిల్ వ్యవసాయం గురించి రాసిన కావ్యం మొదటి భాగంలో, దేవతల రాజు జూపిటర్ నల్లటి సర్పాలకు చెడ్డ వీరుస్‌ను ఇచ్చాడని అంటాడు. అంతకు ముందున్న స్వర్ణయుగంలో పాములకు విషం లేదని అతని భావం. అయితే ఆ మాట అక్కడితో ఆగదు. జిగురుగా కారే ద్రవం, జంతువుల శరీర స్రావాలు, ఘాటైన దుర్వాసన, సముద్రపు నీటిలోని చేదు ఉప్పదనం, వీటన్నిటికీ ఆ మాటే. క్రీ.శ. 1వ శతాబ్దపు వైద్య రచయిత కెల్సుస్, పిచ్చికుక్క కరిస్తే గాయం మీద కప్పు పెట్టి దాని వీరుస్‌ను బయటికి లాగేయాలని రాశాడు. రేబీస్‌కు కారణం వైరస్ అని మనకు తెలుసు కాబట్టి, కెల్సుస్ ఎంతో ముందే ఊహించాడని కొందరు ఇక్కడ ఆశ్చర్యపోతారు. అది సరికాదు. కెల్సుస్ దృష్టిలో అది కుక్క కాటుతో ఒంట్లోకి దిగే విషం, అంతే. దాదాపు ప్రతి కాటులోనూ ఏదో ఒక వీరుస్ ఉంటుందని కూడా అతనే రాశాడు.

రోమన్ వక్త సిసెరో వాడిన తీరు తెలుగువాళ్ళకు ఏ వివరణా లేకుండానే అర్థమవుతుంది. స్నేహం గురించి రాసిన గ్రంథంలో అతను ఏథెన్స్‌కు చెందిన టైమన్‌ను ప్రస్తావిస్తాడు. మనుషులంటేనే గిట్టని అలాంటివాడికి కూడా, తన కసిలోని వీరుస్‌ను ఎదుట కక్కడానికి ఒక మనిషి కావాలంటాడు. ‘విషం కక్కడం’ అనే మన జాతీయం అచ్చంగా ఇదే. ఇక్కడ ఎవరూ ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోలేదు. పాముని చూసిన ఏ భాషకైనా తట్టగల ఊహ ఇది.

కానీ ఈ రెండు మాటల మధ్య చుట్టరికం మాత్రం నిజంగానే ఉంది. సంస్కృతం ‘విష’, లాటిన్ ‘వీరుస్’, గ్రీకు ‘ఈయొస్’ ఒకే మూలం నుంచి వచ్చినవి. పాత ఇరాన్ మతగ్రంథం అవెస్తాలో కూడా ‘విష’ ఉంది. చైనా పడమటి భాగంలోని తారిమ్ లోయలో ఒకప్పుడు మాట్లాడిన తొఖారియన్ భాషలో విషాన్ని ‘వసె’ అన్నారు. పాత ఐరిష్‌లో ‘ఫీ’. ఐర్లండ్ నుంచి తారిమ్ లోయ దాకా ఒకే మాట పరుచుకుని ఉందన్నమాట.

చూడడానికి విష, వీరుస్, ఈయొస్ ఒకదానికొకటి అంత దగ్గరగా లేవు. వీటిని కలిపేది మధ్యలో ఉన్న ఒక్క ‘స’కారం. ఈ భాషలన్నిటికీ తల్లి అయిన మూల భాషలో ఇది రెండు అచ్చుల మధ్య ఉండేది. ఆ ‘స’కు మూడు భాషల్లో మూడు గతులు పట్టాయి. భారతదేశంలో ‘ష’ అయింది, ఇటలీలో ‘ర’ అయింది, గ్రీసులో మొదట ‘హ’గా బలహీనపడి తర్వాత పూర్తిగా పోయింది.

భారతదేశపు మార్పు సంస్కృత శబ్దరూపాల పుస్తకం శబ్దమంజరి వల్లె వేసిన వాళ్ళకు బాగా తెలిసినదే. సప్తమీ విభక్తి బహువచనంలో ‘లతాసు’ అంటాం, కానీ ‘హరిషు’, ‘గురుషు’, ‘పితృషు’, ‘వాక్షు’ అంటాం. ప్రత్యయం ఒకటే, ‘సు’. దాని ముందు ఇకారమో, ఉకారమో, ఋకారమో, కకారమో ఉంటే ఆ ‘స’ కాస్తా ‘ష’ అవుతుంది. ‘విష’లో ముందున్నది ఇకారం కాబట్టి అక్కడా అదే జరిగింది.

లాటిన్‌లో జరిగింది వేరు. అక్కడ రెండు అచ్చుల మధ్య చిక్కిన ‘స’ ‘ర’గా మారిపోయింది. ఈ మార్పు ఎప్పుడు పూర్తయిందో కూడా దాదాపుగా చెప్పవచ్చు. సిసెరో తన స్నేహితుడు పాపిరియుస్ పైతుస్‌కు రాసిన ఒక ఉత్తరంలో, నీ పూర్వీకులు ఒకప్పుడు ‘పాపిసియుస్’ అని పిలిపించుకునేవారు, లూకియుస్ పాపిరియుస్ క్రాస్సుస్ కాలం నుంచి ఆ పేరు మారింది అని గుర్తుచేస్తాడు. ఆ క్రాస్సుస్ క్రీ.పూ. 4వ శతాబ్దం వాడు. రోముకు దక్షిణాన సాత్రికుమ్ అనే చోట 1977లో దొరికిన ఒక రాతి శాసనం ఇంకా వెనక్కి తీసుకెళ్తుంది. సుమారు క్రీ.పూ. 500 నాటి ఆ శాసనంలో, తర్వాతి కాలంలో ‘వలేరియుస్’ అని రాసే పేరు ఇంకా ‘వలేసియొస్’ రూపంలోనే ఉంది. అంటే ఆ రాతిని చెక్కిన రోజుల్లో మన మాటలో కూడా ఇంకా ‘స’కారమే ఉండి ఉండాలి, ‘వీసొస్’ లాగా. రేఫ తర్వాత వచ్చింది.

ఈ సూత్రం తెలిస్తే చాలా లాటిన్ మాటలు దూరపు బంధువుల్లా పలకరిస్తాయి. సంస్కృతంలో కోడలు ‘స్నుషా’, లాటిన్‌లో ‘నురుస్’. సంస్కృతంలో ఎలుక ‘మూష్’, మన ‘మూషికం’ దాని నుంచే. లాటిన్‌లో ప్రథమా విభక్తిలో ‘మూస్’ అని, షష్ఠిలో ‘మూరిస్’ అని అంటారు. ఒకే మాటలో ఒకచోట ‘స’, ఇంకోచోట ‘ర’. అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది ‘జనస్’ శబ్దం. సంస్కృతంలో ‘జనస్’ షష్ఠి ‘జనసః’, లాటిన్‌లో ‘గెనుస్’ షష్ఠి ‘గెనెరిస్’, గ్రీకులో ‘గెనొస్’ షష్ఠి ‘గెనెఒస్’. స, ర, శూన్యం, మూడూ పక్కపక్కనే ఉన్నాయి.

గ్రీకులో ‘స’ పోవడమే కాదు, మాట మొదట్లో ఉన్న ‘వ’ కూడా పోయింది. రెండు హల్లులు రాలిపోయాక మిగిలింది ‘ఈయొస్’. దీనితో గ్రీకులకు ఒక చిక్కు వచ్చింది. బాణాన్ని చెప్పే మరో మాట, సంస్కృతం ‘ఇషువు’కు చుట్టం, అది కూడా అరిగి అరిగి ఇదే రూపానికి చేరింది. విషానికీ బాణానికీ ఒకే ధ్వని. సంస్కృతంలో ఆ రెండూ హల్లులు పోగొట్టుకోలేదు కనుక విషం విషంగా, ఇషువు ఇషువుగా వేరువేరుగా నిలిచాయి.

మూల ధాతువు అర్థం ‘కారడం, ప్రవహించడం’ అని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. మన సంప్రదాయం మాత్రం ‘విష్’ ధాతువుకు వ్యాపించడం అనే అర్థం చెప్పి, ఒళ్ళంతా పాకేది కాబట్టి విషం అంటుంది. ఈ రెండింటిలో మొదటిదానికి మన దగ్గరే ఒక బలమైన సాక్ష్యం ఉంది. యాస్కుడు వ్యాఖ్యానించిన వైదిక నిఘంటువులో నీటికి ఇచ్చిన పేర్లలో ‘విషం’ ఒకటి. తర్వాతి సంస్కృత కవులకు కూడా ఈ అర్థం తెలుసు. కారణం ఒకచోట, ఫలితం ఇంకోచోట కనిపించే అసంగతి అలంకారానికి ప్రసిద్ధమైన ఉదాహరణ ‘విషం జలధరైః పీతం, మూర్ఛితాః పథికాంగనాః’. మేఘాలు విషం తాగాయి, కానీ మూర్ఛపోయింది మాత్రం బాటసారుల భార్యలు. మేఘాలు తాగింది నీరే. వానాకాలం మొదలైందని విరహిణులు స్పృహ తప్పారు. ఆ శ్లేష పండడానికి విషం అంటే నీరు అనే అర్థం బతికి ఉండాలి. లాటిన్ వీరుస్‌కు సముద్రజలపు ఉప్పదనం, శరీర స్రావం అనే అర్థాలు ఎక్కడి నుంచి వచ్చాయో దీన్ని పక్కన పెట్టి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. విషం అనే అర్థమే తర్వాత గట్టిపడింది. ఆ మాట మొదట్లో ఏదో ఒక ద్రవానికి పేరు.

ఇక వ్యాకరణం. సంస్కృతంలో అకారాంత నపుంసక లింగ శబ్దాలు ప్రథమలో ‘-అమ్’తో ముగుస్తాయి. లాటిన్‌లో వాటికి సరిగ్గా సమానమైనవి ‘-ఉమ్’తో ముగుస్తాయి. ‘యుగమ్’ అంటే కాడి, లాటిన్‌లో ‘యుగుమ్’. ‘దానమ్’, లాటిన్‌లో ‘దోనుమ్’. ఈ లెక్కన ‘విషమ్’కు జతగా లాటిన్‌లో ‘వీరుమ్’ ఉండాలి. లేదంటే గ్రీకులోలా పుంలింగమై ఉండాలి. లాటిన్ ఈ రెండూ చేయలేదు. పుంలింగ ప్రత్యయం ‘-ఉస్’ను పెట్టుకుని నపుంసకంగానే ఉండిపోయింది.

అది నపుంసకమే అని ఎలా తెలుస్తుంది? ద్వితీయా విభక్తిని బట్టి. నపుంసక శబ్దాలకు ప్రథమ, ద్వితీయ ఒకే రూపంలో ఉండడం సంస్కృతానికీ లాటిన్‌కూ ఉమ్మడి నియమం. ‘ఫలం ఫలే ఫలాని’ అని ప్రథమకు చెప్పి, ద్వితీయకు మళ్ళీ అదే చెప్పుకుంటాం కదా, అలాగే. పుంలింగమైతే ద్వితీయలో ‘వీరుమ్’ అనాలి. సిసెరో టైమన్ చేత కక్కించింది ‘వీరుస్’నే. వర్జిల్ జూపిటర్ పాములకు ఇచ్చిందీ ‘వీరుస్’నే, దాని ముందున్న ‘చెడ్డ’ అనే విశేషణం కూడా నపుంసక రూపంలోనే ఉంది.

విభక్తి రూపాలను బట్టి లాటిన్ నామవాచకాలను వర్గాలుగా విడదీస్తారు. ఇలాంటి శబ్దాలు వాటిలో రెండో వర్గంలో చెప్పుకోదగ్గవి మూడే. వీరుస్ ఒకటి. జనసమూహం అనే అర్థమున్న ‘వుల్గుస్’ రెండోది. సముద్రం అనే అర్థమున్న ‘పెలగుస్’ మూడోది, ఇది గ్రీకు నుంచి తెచ్చుకున్నది. వీటి అర్థాలను పక్కపక్కన పెట్టి చూడాలి: కారే విషం, విడదీసి లెక్కించని గుంపు, సముద్రం. మూడూ ముద్దగా ఉండే పదార్థాలే, విడి వస్తువులు కావు. ఇది కేవలం యాదృచ్ఛికం అనిపించదు. ‘గెనుస్’, ‘కొర్పుస్’, ‘ఒపుస్’ వంటి మూడో వర్గపు నపుంసక శబ్దాలు కూడా ‘-ఉస్’తోనే ముగుస్తాయి కాబట్టి, వాటి పోలిక వల్ల రోమన్ల చెవికి ఈ మూడూ నపుంసకంగా సహజంగానే వినిపించి ఉంటాయి. కానీ వీరుస్ వాటిలా ‘వీరెరిస్’ అని షష్ఠి చేసుకోలేదు. దాని షష్ఠి ‘వీరీ’, చతుర్థి, పంచమి రెండూ ‘వీరో’. అంటే ముఖం ఒక వర్గానిది, ఒళ్ళు ఇంకో వర్గానిది.

ఈ షష్ఠి, పంచమి రూపాలకు మంచి సాక్ష్యం క్రీ.పూ. 1వ శతాబ్దపు కవి లుక్రేషియస్. ఆయన పదార్థాల స్వభావం మీద రాసిన కావ్యంలో రెండో భాగంలో రెండూ దొరుకుతాయి. ఒకచోట సముద్రపు నీరు నేల పొరల గుండా వడకట్టుకుని తియ్యబడుతుందని చెబుతూ, చేదు ‘వీరీ’ కణాలను అది పైనే వదిలేస్తుందంటాడు. ఇంకోచోట సుగంధ తైలం తయారుచేసేవాడు వాసన లేని నూనె ఎంచుకోవాలని, లేకపోతే ఆ నూనె తన ‘వీరో’తో, అంటే తన ఘాటుతో, మిగతా పరిమళాలను పాడుచేస్తుందని అంటాడు. రెండు చోట్లా పాము ప్రసక్తి లేదు. ఒకచోట రుచి, ఒకచోట వాసన.

లుక్రేషియస్ పద్యం ఇంకో విషయం కూడా రుజువు చేస్తుంది. లాటిన్‌లో ‘విర్’ అనే వేరే మాట ఉంది, మగవాడు అని అర్థం. దాని షష్ఠి ఏకవచనం, ప్రథమా బహువచనం రెండూ ‘విరీ’. రోమన్ లిపిలో మామూలుగా హ్రస్వదీర్ఘాలు గుర్తించరు కాబట్టి, విషం షష్ఠికీ మగవాళ్ళు అనే బహువచనానికీ రాతలో తేడా లేదు. ఉచ్చారణలో ఉంది. లుక్రేషియస్ ‘వీరీ’ని పాదం చివర పెట్టాడు. అతను వాడిన ఛందస్సులో చివరి గణం గురువుతోనే మొదలవ్వాలి. ‘విరీ’ అయితే మొదటిది లఘువై పద్యం నడక తప్పుతుంది. గురులఘువులు లెక్కపెట్టడం తెలిసిన ఎవరికైనా ఈ వాదన ఇట్టే తెలిసిపోతుంది. రోమన్ లిపి దాచిన దీర్ఘాన్ని ఛందస్సు బయటపెట్టింది. తెలుగు లిపిలో ఆ ఇబ్బందే లేదు, వీరీ, విరీ అని రాస్తే చాలు.

ఇక్కడ సంస్కృతంతో పోల్చితే ఒక తమాషా ఉంది. ‘విర్’ మన ‘వీర’ శబ్దానికి సోదరుడు. సంస్కృతంలో మగవాడు, శూరుడు అయిన ‘వీర’కు దీర్ఘం, విషానికి హ్రస్వం. లాటిన్‌లో సరిగ్గా తలకిందులు: ‘విర్’కు హ్రస్వం, ‘వీరుస్’కు దీర్ఘం. మగవాడి మాటలో లాటిన్ ఒకప్పటి దీర్ఘాన్ని కురచ చేసుకుంది. ఐరిష్, గోథిక్ వంటి పడమటి భాషలు కూడా అదే చేశాయి, లిథువేనియన్ మాత్రం మనలాగే దీర్ఘాన్ని నిలుపుకుంది. కాబట్టి లాటిన్ వీరుస్ వినగానే వీరుడు గుర్తుకొస్తే అది చెవి చేసే మోసం. అలాగే ‘వైరస్’కూ ‘వైరి’కీ సంబంధం కట్టేవాళ్ళున్నారు. వైరం ‘వీర’ నుంచి వచ్చిన సంస్కృత శబ్దం. అది విర్ కుటుంబానిది, వీరుస్ కుటుంబానిది కాదు. వైరస్‌లోని ‘వై’ ఇంగ్లీషు దీర్ఘ ఈకారాన్ని ‘ఐ’గా మార్చుకున్న కాలపు ఫలితం.

బహువచనం దగ్గరికి తిరిగి వద్దాం. ఒక భాష ద్రవాన్ని ఏకవచనంలో చెబుతుందా, బహువచనంలో చెబుతుందా అన్నది ఆ భాష ఇష్టం. తెలుగులో పాలు, నీళ్ళు ఎప్పుడూ బహువచనమే. నూనె, మజ్జిగ ఏకవచనం. సంస్కృతంలో నీటిని చెప్పే ‘ఆపః’ నిత్య బహువచనం. లాటిన్‌లో వీరుస్ నిత్య ఏకవచనం. ఎంత ఉన్నా అది వీరుసే, ఎక్కువ వీరుస్ లేదా తక్కువ వీరుస్. రెండు వీరుస్‌లు అనే ఊహే రోమన్లకు అవసరపడలేదు.

ఇంగ్లీషులోకి ఈ మాట 14వ శతాబ్దం చివరికే వైద్య అనువాదాల ద్వారా చేరింది. చాలాకాలం దాని అర్థం విషం, పుండు నుంచి కారే రసి, అంతే. 1798లో ఎడ్వర్డ్ జెన్నర్ మశూచి టీకా మీద ప్రచురించిన గ్రంథంలో ఆవు మశూచి ‘వైరస్’ అన్నప్పుడు, ఆయన చెబుతున్నది పొక్కులోని ద్రవం గురించి. ఒకరి పొక్కు నుంచి తీసి ఇంకొకరి చర్మంలోకి ఎక్కించగలిగే అంటు పదార్థం. 1880లలో పాశ్చర్ రేబీస్ మీద పనిచేస్తూ వాడిన ‘వైరస్’ కూడా అలాంటిదే, రోగాన్ని అంటించేది ఏదైనా సరే. ఆయన దాన్ని సూక్ష్మదర్శినిలో చూడలేకపోయాడు, అయినా కుందేళ్ళ వెన్నుపాములో పెంచి బలహీనపరిచాడు.

తర్వాత వచ్చిన మలుపు పొగాకు ఆకుల మీద జరిగింది. ఆకు మీద లేత పచ్చ, ముదురు పచ్చ మచ్చలు పడే మొజాయిక్ తెగులు అది. మినుము చేలో పల్లాకు తెగులు చూసిన రైతుకు అలాంటి ఆకు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. పాశ్చర్ సహచరుడు చాంబర్లాండ్ 1884లో తయారుచేసిన పింగాణీ ఫిల్టర్ బ్యాక్టీరియాను ఆపేస్తుంది. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ, తెగులు సోకిన ఆకుల రసాన్ని ఆ ఫిల్టర్‌తో వడకట్టినా దానికి అంటించే గుణం పోలేదని తెలియజేశాడు. 1898లో నెదర్లాండ్స్‌లో బయెరింక్ అదే ప్రయోగాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళాడు. ఆ రసం అగర్ జెల్లీలోకి కూడా ఇంకి పాకుతుంటే, ఇది కణం కాదు, జీవమున్న ద్రవం అనుకున్నాడు. దానికి లాటిన్‌లో ‘కొంతాగియుమ్ వీవుమ్ ఫ్లుయిదుమ్’ అని పేరు పెట్టాడు, ప్రాణమున్న అంటు ద్రవం అని. వైరస్ అనే మాటను కూడా వాడాడు.

బయెరింక్ పొరబడ్డాడనే వాక్యంతో చాలా పుస్తకాలు ఇక్కడ ముందుకెళ్ళిపోతాయి. కానీ మాట చరిత్ర దృష్టితో చూస్తే ఇది అసాధారణమైన ఘట్టం. ‘విషం’ అంటే నీరు అని కూడా చెప్పిన వైదిక నిఘంటువు, పాము కోరల్లోంచి కారేదాన్ని చూసిన వర్జిల్, సముద్రపు చేదును చెప్పిన లుక్రేషియస్, వీళ్ళందరి ఊహలో ఉన్న ఆ కారే ద్రవమే 1898లో ప్రయోగశాలలో శాస్త్రీయ సిద్ధాంతంగా నిలబడింది. మాట తన మొదటి అర్థాన్ని అంతవరకూ వదల్లేదు.

వదిలింది 1935లో. అమెరికాలో వెండెల్ స్టాన్లీ పొగాకు మొజాయిక్ వైరస్‌ను స్ఫటికాలుగా మార్చగలిగాడు. 1946లో దీనికి రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది. ద్రవం స్ఫటికంగా పేరుకున్నదంటే అందులో ఒకే రకం కణాలు వరుసగా అమరి ఉన్నాయని. 1939లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద ఆ కణాల ఫొటోలు కూడా వచ్చాయి, సన్నటి కడ్డీల రూపంలో. దాంతో వైరస్ ఒకటి, రెండు, వెయ్యి అని లెక్కకు వచ్చింది. అంతకు ముందు ‘వైరస్‌లు’ అనే బహువచనం ఉన్నా, దాని అర్థం అంటు పదార్థాల రకాలు అని మాత్రమే. నాలుగు రకాల నూనెలు అన్నట్టు. ఒకే రకానికి చెందిన విడివిడి వైరస్‌లు అనే అర్థం ఈ మలుపు తర్వాతే సాధ్యమైంది.

ఆ మలుపు తర్వాత లాటిన్ తెలిసినవాళ్ళకు, తెలుసనుకున్నవాళ్ళకు కూడా బహువచనం చిక్కు మొదలైంది. ‘-ఉస్’ అంటే బహువచనం ‘-ఈ’ కదా అని కొందరు ‘విరీ’ అన్నారు. లాటిన్‌లో దానర్థం మగవాళ్ళు. దీర్ఘం పెట్టి ‘వీరీ’ అంటే అది షష్ఠి, విషపు, విషం యొక్క అని. 1990లలో కంప్యూటర్ ప్రపంచంలో ఇంకో ఈకారం చేర్చి ‘విరియీ’ లాంటి రూపం బాగా తిరిగింది. అది రావాలంటే ఏకవచనం ‘విరియుస్’ అయి ఉండాలి, కొడుకు అనే అర్థమున్న ‘ఫీలియుస్’కు ‘ఫీలియీ’ అన్నట్టు. అలాంటి ఏకవచనమే లేదు. నపుంసక బహువచనం లాటిన్‌లో ఎప్పుడూ ‘-అ’తోనే ముగుస్తుంది. కాడికి ‘యుగుమ్’, కాడులకు ‘యుగ’, వేదంలో ‘యుగా’ ఉన్నట్టే. ఆ నియమం ప్రకారం ఆధునిక శాస్త్ర లాటిన్ రాసేవాళ్ళు కల్పించుకున్న రూపం ‘వీర’. పద్ధతిగా చేసిన కల్పన అది. మన చెవికి శూరుడిలా వినిపించడం మాత్రం అనుకోకుండా జరిగింది.

భాషలన్నీ ఈ చిక్కును ఒకేలా తీర్చుకోలేదు. ఇంగ్లీషు తన సొంత ప్రత్యయం తగిలించుకుంది, తెలుగు ‘లు’ చేర్చి వైరస్‌లు అంది. రెండూ సరైన పనే చేశాయి, అరువు తెచ్చుకున్న మాటకు ఇంటి వ్యాకరణం వర్తించాలి. ఫ్రెంచి, ఇటాలియన్, స్పానిష్ భాషలు లాటిన్‌కు వారసులైనా వాటిలో నపుంసక లింగం మిగల్లేదు. అందుకే వాటిలో వైరస్ పుంలింగం, ఏకవచనంలోనూ బహువచనంలోనూ ఒకే రూపం. జర్మన్‌లో శాస్త్ర గ్రంథాలు దాన్ని నపుంసకంగానే ఉంచాయి, మామూలు మాటల్లో చాలామంది పుంలింగంగా వాడతారు. తెలుగులో ఆ గొడవే పుట్టలేదు. ‘వైరస్ వచ్చింది’, ‘వైరస్ పాకుతోంది’ అని అమహద్వాచకంగా అనడం తప్ప మనకు ఇంకో దారి లేదు. లాటిన్ కూతురు భాషలు పోగొట్టుకున్న నపుంసకం ఈ మాటకు తెలుగులో తిరిగి దక్కింది.

పాత లాటిన్ విభక్తి ఇప్పటికీ పనిచేస్తున్న చోటు ఒకటుంది, వైరస్‌ల వర్గీకరణ. అంతర్జాతీయ సంఘం పెట్టిన నియమాల్లో ప్రజాతి పేరు ‘-వైరస్’తో ముగుస్తుంది, కుటుంబం పేరు ‘-విరిడే’తో, క్రమం పేరు ‘-విరాలెస్’తో. ‘వీరీ’ అనే షష్ఠిలో చివరి ఈకారం తీసేస్తే మిగిలే ‘విర్-’ అనే అంగానికి ఈ ప్రత్యయాలు చేరతాయి. ‘-ఇడే’ గ్రీకు వంశసూచక ప్రత్యయం, కురు నుంచి కౌరవులు వచ్చినట్టు. 1968లో వైరస్ శాస్త్రవేత్తల బృందం ఒకటి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చుట్టూ కిరీటంలా కనిపించిన వైరస్‌లకు కిరీటం అనే లాటిన్ మాటతో ‘కరోనా వైరస్’ అని పేరు పెట్టింది. వాటి కుటుంబం కొరోనావిరిడే. లుక్రేషియస్ పద్యంలో ఒక్కసారి మెరిసిన అరుదైన షష్ఠి, ఇలా వేల పేర్లకు పునాది అయింది.

తెలుగులో ఈ కథకు ఇంకో కొస ఉంది. వానాకాలం వస్తే ఏజెన్సీ గ్రామాల నుంచి, పట్నాల బస్తీల నుంచి ‘విష జ్వరాలు’ ప్రబలాయని పత్రికలు రాస్తాయి. వ్యుత్పత్తి చూస్తే విష జ్వరం, వైరల్ జ్వరం అనేవి ఒకే పేరు, ఒకటి సంస్కృతం దారిలో, ఇంకొకటి లాటిన్ దారిలో వచ్చాయి. కానీ వాడుకలో అవి ఒకటి కావు. విష జ్వరాల కింద పత్రికలు కలిపేసే వాటిలో డెంగీ వైరస్ వల్ల వస్తుంది, మలేరియా పరాన్నజీవి వల్ల, టైఫాయిడ్ బ్యాక్టీరియా వల్ల. మూడింటికీ చికిత్స వేరు, కాబట్టి ఏ జ్వరమో పరీక్ష చేయించి తేల్చుకోవాల్సిందే, పేరును బట్టి మందు వేసుకోకూడదు. ఆయుర్వేదంలో ‘విషమ జ్వరం’ అని మరొకటి ఉంది, విడిచి విడిచి వచ్చే జ్వరం. దానికీ విషానికీ సంబంధం లేదు. అది ‘వి’ ఉపసర్గ, ‘సమ’ శబ్దం కలిసిన మాట, సమంగా లేనిది అని. అందులో ‘స’ ‘ష’ అయింది ముందున్న ఇకారం వల్ల. విషంలో జరిగినదీ అదే మార్పు.